చెరోకీ లిపిలో 'త్స' అక్షరానికి రెండు సంకేతాలు ఎందుకున్నాయి, శోధనలో దేన్ని వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒకే పదాన్ని వివిధ భాషల్లో ఎలా రాస్తారో చూపే బహుభాషా పదకోశాన్ని మీరు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో నడుపుతున్నారు. అందులో చెరోకీ (అమెరికా మూలవాసుల్లో ఒక తెగ భాష) కాలమ్ ఒకటి, తెలుగు కాలమ్ ఒకటి ఉన్నాయి. ఇన్నాళ్లూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్ మీద నడిచిన ప్రోగ్రామును ఇటీవల పైథాన్ 3కు మార్చారు. అప్పటి నుంచి చెరోకీలో 'త్సలగి' అని వెతికితే కొత్తగా చేర్చిన నమోదులు వస్తున్నాయి కానీ పాతవి రావటం లేదు. శోధన కోసం విడిగా పెట్టుకున్న కాలమ్‌ను తెరిచి చూస్తే, మొదటి అక్షరమైన 'త్స' పాత వరుసల్లో 5091 అనే సంఖ్యతోనూ, కొత్త వరుసల్లో 43955 అనే సంఖ్యతోనూ ఉంది. వీటికి తోడు తెర మీద అక్కడక్కడ ఖాళీ డబ్బాలు, ఒక పాత ఎగుమతి ఫైలులో ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. ఈ రెండు సంఖ్యల్లో ఏది తప్పు అని మీరు అడిగారు.

రెండింట్లో ఏదీ తప్పు కాదు. 5091 ఆ అక్షరానికి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే ప్రమాణం) మొదట ఇచ్చిన స్థానం, 43955 అదే అక్షరపు చిన్న రూపానికి తరువాత ఇచ్చిన స్థానం. మీ ప్రోగ్రాము శోధనకు ముందు పదాలను పెద్దక్షరాలను చిన్నక్షరాలుగా మార్చే 'లోయర్' అనే ఫంక్షన్ గుండా పంపుతోంది కాబట్టి, పాత పైథాన్‌కు తెలియని చిన్న రూపం కొత్త పైథాన్‌కు తెలిసిన క్షణం నుంచి రెండు తరాల నమోదులు విడిపోయాయి. ఆ ఫంక్షన్ స్థానంలో, పెద్ద, చిన్న తేడా లేకుండా పోల్చటానికే ఉన్న 'కేస్‌ఫోల్డ్' వాడి, శోధన కాలమ్‌ను మొదటి నుంచి మళ్లీ తయారు చేస్తే సమస్య తీరుతుంది. కారణం తెలియకుండా ఈ మార్పు చేస్తే మరోచోట ఇదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది కనుక కొంత వివరంగా రాస్తున్నాను. యూనికోడ్ పట్టికలు స్థానాలను పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపుతాయి, కానీ మీరు దశాంశ సంఖ్యలే ఇచ్చారు కాబట్టి నేనూ వాటినే వాడతాను.

చెరోకీ లిపిని సెక్వోయా అనే చెరోకీ వెండిపనివాడు రూపొందించాడు. అతనికి ఇంగ్లీషు చదవటం రాదు. 1821 నాటికి లిపి పూర్తయింది, 1828లో జార్జియాలోని న్యూ ఎకోటా నుంచి ఆ లిపిలో పత్రిక కూడా అచ్చయింది. ఇందులో ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి ధ్వనిఖండాన్ని సూచిస్తుంది. ఆరు అచ్చులకు ఆరు గుర్తులు, 's' ధ్వనికి విడిగా ఒక్క గుర్తు, మిగిలినవన్నీ హల్లూ అచ్చూ కలిసిన గుర్తులు. 'గ'కూ 'గి'కీ ఆకారంలో ఏ పోలికా ఉండదు. మనకు గుణింతం ఉంది కాబట్టి తెలుగులో 'గి' అంటే 'గ' అక్షరం, దాని మీద గుడి, అంటే యూనికోడ్ లెక్కలో రెండు స్థానాలు, ఆ స్థానాలను ఫైళ్లలో బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆరు బైట్లు. చెరోకీ 'గి' ఒకే స్థానం, మూడే బైట్లు. ఒత్తులు లేవు, పొల్లు లేదు, అక్షరాలను కలిపి కూర్చే షేపింగ్ ఇంజను అవసరం లేదు. తెలుగు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవారికి మొదటి చూపులో ఈ లిపి చాలా తేలిక అనిపిస్తుంది. దాదాపు తేలికే. చిక్కంతా పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా దగ్గరే ఉంది, మన లిపిలో ఆ తేడాయే లేకపోవటం వల్ల మనవాళ్లు దాన్ని సులభంగా చూడకుండా దాటిపోతారు.

'త్స' అక్షరం నిల్వయ్యే తీరును ఒకసారి లెక్క కట్టి చూద్దాం, మీ ఫైళ్లలో బైట్లను గుర్తుపట్టటానికి ఇది పనికొస్తుంది. 5091ని 4096తో భాగిస్తే భాగఫలం 1, శేషం 995. ఆ శేషాన్ని 64తో భాగిస్తే భాగఫలం 15, శేషం 35. యూటీఎఫ్-8లో మూడు బైట్ల అక్షరానికి మొదటి బైటు 224తో, తక్కిన రెండూ 128తో మొదలవుతాయి కాబట్టి ఈ మూడు ముక్కలను వాటికి కలిపితే 225, 143, 163 వస్తాయి. అదే పద్ధతిలో 43955ను విడదీస్తే 10, 46, 51 వస్తాయి, బైట్లు 234, 174, 179 అవుతాయి. రెండు రూపాలకూ మూడేసి బైట్లే కాబట్టి కాలమ్ పొడవు మారదు, నాలుగు బైట్ల అక్షరాలను పట్టుకోలేని పాత మూడు బైట్ల అమరికలో కూడా ఇవి ఇబ్బంది లేకుండా ఇముడుతాయి. మీ సమస్యకు నిల్వ కారణం కాదని దీనివల్ల తేలుతుంది.

ఇక రెండు రూపాలు ఎలా వచ్చాయన్నది. యూనికోడ్ రాకముందు చెరోకీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో చెరోకీ బొమ్మలను పెట్టి పని నడిపించేవి. డీటీపీలో అను ఫాంట్లతో పనిచేసిన తెలుగువారికి ఈ పద్ధతి గురించి చెప్పనక్కర లేదు: ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని అక్షరాల వరుస. 1999లో వెలువడిన యూనికోడ్ 3.0లో చెరోకీకి సొంత చోటు దొరికింది. 5024 నుంచి 5119 వరకు ఉన్న 96 గడుల్లో 5024 నుంచి 5108 వరకు 85 అక్షరాలను వరుసగా పెట్టారు. సెక్వోయా అక్షరాలు నిజానికి 86. నాసిక అచ్చుతో కూడిన 'మ'ను సూచించే గుర్తు చాలాకాలం కిందటే వాడుకలోంచి తప్పుకుంది కాబట్టి దాన్ని అప్పట్లో చేర్చలేదు. ఆనాటి పట్టికలో ఈ అక్షరాలకు పెద్ద, చిన్న అన్న విభాగం లేదు. తెలుగు అక్షరాల్లాగే అవి కేవలం అక్షరాలు.

కాని పాత అచ్చు పుస్తకాలను చూస్తే సంగతి కొంచెం వేరు. చెరోకీ వాక్యారంభంలోనూ, వ్యక్తుల పేర్లలోనూ మొదటి అక్షరాన్ని పెద్ద సైజులో, తక్కినవాటిని చిన్న సైజులో కూర్చే అలవాటు కొన్ని ప్రచురణల్లో ఉంది. ఆకారం ఒకటే, ఎత్తు మాత్రమే వేరు. ఆ పుస్తకాలను డిజిటల్ పాఠంగా మార్చేటప్పుడు ఆ తేడాను ఫాంటు సైజుకు వదిలేస్తే మామూలు పాఠంలో అది నిలవదు. లిపి సంకేతీకరణ నిపుణుడు మైకేల్ ఎవర్సన్, చెరోకీ భాషావేత్త డర్బిన్ ఫీలింగ్ కలిసి చిన్నక్షరాల కోసం ప్రతిపాదన ఇచ్చారు. 2015లో యూనికోడ్ 8.0 వాటిని చేర్చింది, పక్కన పెట్టిన 86వ అక్షరానికీ అప్పుడే 5109 స్థానం దక్కింది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ప్రాచీన తెలుగు శాసనాల్లో కనిపించే, ఇప్పుడు ఎవరూ వాడని 'ౚ' అక్షరం యూనికోడ్‌లోకి వచ్చింది కూడా ఆ 8.0లోనే. వాడుకలో లేని అక్షరానికి గడి ఎందుకని అడిగేవారు రెండు లిపుల విషయంలోనూ ఉంటారు. పాత ప్రతిని ఉన్నది ఉన్నట్టు ఎక్కించవలసిన పరిశోధకుడికి మాత్రం ఆ ప్రశ్న రాదు.

చిన్నక్షరాలు 86 కావాలి, పాత చోట మిగిలినవి పది గడులే. అందుచేత 80 చిన్నక్షరాలను దూరంగా 43888 నుంచి 43967 వరకు కొత్త చోట పెట్టి, చివరి ఆరింటిని పాత చోటనే 5112 నుంచి 5117 వరకు పెట్టారు. కాబట్టి 'త్స' పెద్ద రూపానికీ చిన్న రూపానికీ మధ్య తేడా 38864 అయితే, 'యె' నుంచి మొదలయ్యే చివరి ఆరు అక్షరాలకు ఆ తేడా 8 మాత్రమే. ఇంగ్లీషులో 32 కలిపితే సరిపోయినట్టు ఇక్కడా ఒకే సంఖ్యను కలిపి చిన్నక్షరం తెచ్చుకుందామని ఎవరైనా సొంతంగా కోడు రాస్తే, ఆ ఆరు అక్షరాల దగ్గర అది వేరే లిపి గడుల్లోకి వెళ్లి పడుతుంది. ఇలాంటి కోడును నేను చూశాను. మొదటి 80 అక్షరాలకు సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి పరీక్షల్లో దొరకదు. పట్టికను సంప్రదించే లైబ్రరీ ఫంక్షన్లను తప్ప వేరే దారిని ఈ లిపికి నేను సిఫారసు చేయను.

ఇప్పుడు అసలు కీలకమైన విషయం. 2015లో చిన్నక్షరాలు వచ్చినప్పుడు, 1999 నుంచి ఉన్న అక్షరాలను పెద్దక్షరాలుగా ప్రకటించారు. అప్పటికే ఉన్న ఫాంట్లలో ఆ బొమ్మలు ఇంగ్లీషు పెద్దక్షరాల ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఆ నిర్ణయం సహజమే. పేర్లు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఒకసారి ఇచ్చిన పేరును యూనికోడ్ ఎన్నడూ మార్చదు. అందుకే 5091 పేరు ఇప్పటికీ 'చెరోకీ లెటర్ త్స' అనే ఉంటుంది, 'కాపిటల్' అన్న మాట అందులో కనబడదు, 43955 పేరులో మాత్రం 'స్మాల్' అన్న మాట ఉంటుంది. పేరు చూసి 5091కి పెద్ద, చిన్న తేడా లేదనుకుంటే పొరపాటు.

పెద్ద, చిన్న తేడాను పక్కనబెట్టి రెండు పదాలను పోల్చటానికి యూనికోడ్ 'కేస్ ఫోల్డింగ్' అనే పట్టికను ఇస్తుంది. దాదాపు అన్ని లిపుల్లోనూ అది పెద్దక్షరాన్ని చిన్నక్షరంగా మారుస్తుంది కాబట్టి, ఫోల్డింగ్ అంటే లోయర్ చేయటమే అన్న అభిప్రాయం ప్రోగ్రామర్లలో పాతుకుపోయింది. చెరోకీలో దిశ తిరగబడుతుంది: చిన్నక్షరమైన 43955 పెద్దక్షరమైన 5091గా మారుతుంది, 5091 ఉన్నచోటే ఉంటుంది. దీనికి కారణం యూనికోడ్ తనకు తాను విధించుకున్న స్థిరత్వ నియమం. యూనికోడ్ 5.0 నుంచి అమల్లో ఉన్న ఆ నియమం ప్రకారం, అప్పటికే ఉన్న అక్షరాలతో రాసిన పదాన్ని ఈరోజు ఫోల్డ్ చేస్తే ఏ ఫలితం వస్తుందో, రేపటి వెర్షన్లలోనూ అదే రావాలి. 2015కు ముందు 5091ని ఫోల్డ్ చేస్తే 5091 వచ్చేది. కాబట్టి 2015 తరువాత కూడా 5091 మాత్రమే రావాలి. కొత్తగా వచ్చిన చిన్నక్షరానికి అలాంటి గతం లేదు కాబట్టి, రెండూ సమానం కావాలంటే అదే మారాలి.

ఇదేదో నిబంధన కోసం నిబంధన అనిపిస్తే జార్జియన్ లిపిని చూడండి. 2018లో యూనికోడ్ 11 జార్జియన్‌కు కొత్త అక్షరాల వరుసను చేర్చినప్పుడు, అక్కడ పాతవి చిన్నక్షరాలు, కొత్తవి పెద్దక్షరాలు అయ్యాయి. అందువల్ల ఫోల్డింగ్ అక్కడ మామూలు దిశలోనే నడుస్తుంది. రెండుచోట్లా సూత్రం ఒకటే, పాత అక్షరం కదలకూడదు. నా దృష్టిలో ఇది యూనికోడ్ తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఒకటి. ఈ తిరగబడిన దిశ చూడటానికి అసహజంగా ఉన్నా, పదహారేళ్లపాటు పోగైన చెరోకీ పాఠాల సూచికలన్నీ ఒక్క రోజులో చెల్లకుండా పోయే ప్రమాదాన్ని అది తప్పించింది.

మీ డేటాబేస్‌కు ఆ రక్షణ అందకపోవటానికి కారణం, మీ ప్రోగ్రాము ఫోల్డింగ్‌ను కాక లోయర్‌ను నమ్ముకోవటం. లోయర్‌కు అలాంటి హామీ లేదు. పైథాన్ 2.7లో ఉన్నది యూనికోడ్ 5.2 పట్టిక, దానికి చెరోకీ చిన్నక్షరాలు తెలియవు కాబట్టి లోయర్ చేసినా 5091 మారకుండా అలాగే కాలమ్‌లోకి వెళ్లింది. పైథాన్ 3.4లో ఉన్నది 6.3 కాబట్టి అక్కడ ఆగినా మీకు తేడా కనిపించేది కాదు. 3.5 నుంచి పట్టిక 8.0కు మారింది, అప్పటి నుంచి లోయర్ 5091ని 43955గా మారుస్తుంది. మీ వినియోగదారు కీబోర్డు నుంచి 5091 పంపినా, ప్రోగ్రాము దాన్ని 43955గా మార్చి వెతుకుతుంది. పాత వరుసలో 5091 ఉంది, రెండూ కలవవు.

అయితే మైఎస్‌క్యూఎల్ పెద్ద, చిన్న తేడా చూడకుండా పోల్చాలి కదా అని మీరు అడగవచ్చు. అది మీరు ఎంచుకున్న కొలేషన్, అంటే డేటాబేస్ అక్షరాలను పోల్చే నియమావళి, మీద ఆధారపడుతుంది. మీ టేబుల్ నిర్వచనంలో ఉన్న యూనికోడ్_సీఐ అనే కొలేషన్ యూనికోడ్ 4.0 నాటి పోలిక నియమాలతో పనిచేస్తుంది, పేరులో 520 అన్న సంఖ్య ఉన్న కొలేషన్ 5.2 నాటివాటితో. రెండింటికీ 43955 అంటే ఎవరికీ కేటాయించని గడి మాత్రమే, దానికీ 5091కీ సంబంధం ఉందని వాటికి తెలియదు. మైఎస్‌క్యూఎల్ 8.0లో వచ్చిన 0900 వర్గపు కొలేషన్లు యూనికోడ్ 9.0ను అనుసరిస్తాయి కాబట్టి పెద్ద, చిన్న తేడా చూడని మొదటి స్థాయి పోలికలో అవి రెండింటినీ ఒకే అక్షరంగా చూస్తాయి. టేబుల్‌ను 0900_ఏఐ_సీఐకి మారిస్తే ఒక్క అక్షరం కోడు ముట్టుకోకుండానే శోధన కుదురుకునే అవకాశం ఉంది. అయినా దాని మీద మాత్రమే ఆధారపడవద్దు. మీ పదకోశాన్ని ఎవరైనా వేరే డేటాబేస్‌కు తీసుకెళ్లిన రోజున ఇదే సమస్య మళ్లీ లేస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. వినియోగదారు ఇచ్చిన పాఠం ఉన్న కాలమ్‌ను అసలు ముట్టుకోను. పాత పుస్తకం నుంచి ఎక్కించిన పదంలో మొదటి అక్షరం పెద్దది, తక్కినవి చిన్నవి అయితే అది మూలంలో ఉన్న సమాచారం, దాన్ని చెరిపే హక్కు శోధన సౌకర్యానికి లేదు. శోధన కాలమ్‌ను మాత్రం పూర్తిగా ఖాళీ చేసి, మూల కాలమ్ నుంచి కేస్‌ఫోల్డ్ ద్వారా మళ్లీ నింపుతాను, వెతికే పదాన్ని కూడా అదే ఫంక్షన్ గుండా పంపుతాను. అప్పుడు రెండు వైపులా 5091 మాత్రమే మిగులుతుంది. మీ వెబ్ పేజీలో జావాస్క్రిప్ట్ కూడా ముందే లోయర్ చేసి పంపుతోందని మీరు రాశారు. ఆ పంక్తిని తీసేయండి. జావాస్క్రిప్ట్‌లో కేస్‌ఫోల్డ్‌కు సమానమైన ఫంక్షన్ లేదు కాబట్టి, ఆ పని సర్వర్ దగ్గర ఒక్కచోటే జరగటం మేలు.

ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరులను ఒకే తీరుకు తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్ చేస్తే ఈ రెండు రూపాలు ఒకటవుతాయా అని కూడా అడిగారు. కావు. నార్మలైజేషన్ పట్టికలో చెరోకీ అక్షరాలకు ఏ విభజనా లేదు, ఏ పద్ధతిలో చేసినా అవి అలాగే ఉంటాయి. అలాగని దాన్ని తీసేయకండి, మీ తెలుగు కాలమ్‌కు అది అవసరం. తెలుగులో ఐత్వం ఒకే స్థానంగానూ రావచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసి రెండు స్థానాలుగానూ రావచ్చు. చూపుకు రెండూ ఒకటే. వాటిని ఒకటి చేసేది నార్మలైజేషన్. ఒక కాలమ్‌కు ఫోల్డింగ్, ఇంకో కాలమ్‌కు నార్మలైజేషన్ అని విడగొట్టకుండా రెండింటికీ రెండూ వర్తింపజేస్తే నష్టమేమీ లేదు.

ఖాళీ డబ్బాల సంగతి చిన్నది. 2015కు ముందు తయారై, తరువాత సవరించని ఫాంటులో చిన్నక్షరాల బొమ్మలు ఉండవు. మీ పేజీ శోధన కాలమ్‌లోని 43955ను నేరుగా తెర మీద చూపుతోంది, ఆ యంత్రంలో ఉన్న ఫాంటు 5091ని చూపగలదు కానీ దీన్ని చూపలేదు. చూపటానికి ఎప్పుడూ మూల కాలమ్‌నే వాడండి. నిజంగా చిన్నక్షరాలున్న పాఠం కోసం నోటో సాన్స్ చెరోకీ వంటి ఫాంటును పేజీతోపాటే పంపండి. స్టైల్ షీటులో అక్షరాలను చిన్నవిగా మార్చే నియమం ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి. ఇంగ్లీషు శీర్షికల అందం కోసం పెట్టిన ఆ నియమం చెరోకీ పాఠాన్ని కూడా మార్చేస్తుంది.

ఎగుమతి ఫైలులోని ప్రశ్నార్థకాలు మాత్రం ఇంతకంటే గంభీరమైన విషయం. ఆ ఫైలును ఎవరో యూటీఎఫ్-8గా కాక, ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చూసే విండోస్-1252 అనే పాత పట్టిక ప్రకారం చదివి, మళ్లీ భద్రపరిచారు. ఆ పట్టికలో 143కు ఏ అక్షరమూ లేదు. పైన లెక్క కట్టిన 225, 143, 163లో మధ్య బైటు సరిగ్గా అదే. కొన్ని ప్రోగ్రాములు దాన్ని అలాగే దాటిస్తాయి, కొన్ని ప్రశ్నార్థకంగా మారుస్తాయి. మీ ఫైలులో 5024 నుంచి 5055 వరకు ఉన్న అక్షరాలు చాలావరకు తిరిగి తెచ్చుకోగలిగేలా ఉండి, 5056 నుంచి ఉన్నవి మాత్రమే పోయాయంటే కారణం ఇదే: మొదటి గుంపుకు మధ్య బైటు 142, దానికి ఆ పట్టికలో అక్షరం ఉంది. రెండో గుంపుకు 143. తెలుగులో కూడా ఇదే ప్రమాదం పొల్లుకు ఎదురవుతుంది. 3149 స్థానంలో ఉన్న పొల్లుకు బైట్లు 224, 177, 141. ఆ 141 కూడా విండోస్-1252లో ఖాళీయే కాబట్టి పాడైన తెలుగు ఫైళ్లలో ఒత్తులు కూడా పోతాయి. ప్రశ్నార్థకంగా మారిన బైటు అసలు ఏదో ఆ గుర్తును బట్టి తెలియదు, ఆ వరుసలను అసలు ప్రతి నుంచి మళ్లీ ఎక్కించటమే భద్రమైన మార్గం.

శోధన కాలమ్‌ను మళ్లీ నింపేముందు ఇంకొక్క పరిశీలన చేయమని నా సలహా. చెరోకీ అక్షరాల్లో చాలావాటికి ఇంగ్లీషు అక్షరాల ఆకారం ఉంది, ధ్వని మాత్రం పూర్తిగా వేరు. చెరోకీ 'అ' ఇంగ్లీషు 'డీ'లా, 'ఎ' 'ఆర్'లా, 'ఇ' 'టీ'లా, 'గొ' 'ఏ'లా, 'లా' 'డబ్ల్యూ'లా కనిపిస్తాయి. చెరోకీ కీబోర్డు అందుబాటులో లేని వ్యక్తి పదం మధ్యలో ఇంగ్లీషు అక్షరం టైపు చేసి ఉంటే కంటితో పట్టుకోవటం దాదాపు అసాధ్యం, ఫోల్డింగ్ కూడా దాన్ని సరిచేయదు. చెరోకీ కాలమ్‌లో ప్రతి అక్షరం 5024 నుంచి 5109, 5112 నుంచి 5117, 43888 నుంచి 43967 అనే మూడు పరిధుల్లో ఉందో లేదో చూసే చిన్న ప్రోగ్రాము రాయండి. విరామ చిహ్నాలు, అంకెలు, ఖాళీ జాగాలు తప్ప ఈ పరిధుల బయట పడినదేదైనా ఉంటే ఆ వరుసను మనిషి చూసి సరిదిద్దాలి. ఆకారం ఆధారంగా యంత్రం చేత దిద్దించవద్దు, ఎందుకంటే ఇంగ్లీషు 'డబ్ల్యూ' ఆకారం 'లా'కూ ఉంది, 'తా'కూ ఉంది. వాటిలో రాసినవారు ఉద్దేశించినది ఏదో పదం తెలిసినవారే చెప్పగలరు.